రాళ్ళమిట్ట వీధిలో దింపని ట్రాన్స్‌ఫార్మర్

ఆత్మకూరు విద్యుత్ సెక్షనుకు కొత్తగా వచ్చిన ఏఈ కుర్రవాడు పోయిన వేసవిలో ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. కాఫీ తాగుతూ అడిగాడు:

"సార్, సర్వీసంతా ఉదయగిరి, ఆత్మకూరుల్లోనే చేశారు. రిటైరయ్యాక కూడా ఇక్కడే ఉండిపోయారు. బస్సెక్కితే నెల్లూరు ఎంతసేపు సార్? ఈ ఊళ్ళో ఏముందని?"

గాలి బాగుంటుందనీ, కూరగాయలు తాజాగా దొరుకుతాయనీ ఏదో చెప్పాను. అతను మర్యాదగా తల ఊపి వెళ్ళిపోయాడు. చెప్పవలసింది అది కాదని ఆ తర్వాత అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను. అతనికీ, అతని తర్వాత ఈ ఊళ్ళకు వచ్చేవాళ్ళకీ.

నేను విద్యుత్ శాఖలో సబ్ ఇంజనీరుగా చేరి అసిస్టెంట్ ఇంజనీరుగా దిగిపోయాను. ఏ సంవత్సరం ఏ పదోన్నతి వచ్చిందో ఇక్కడ రాయడం లేదు. దాని వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. చేరినప్పటి నుంచి డైరీ రాసే అలవాటు ఉంది కాబట్టి వానలు, పంటలు, లైన్లు తెగిన చోట్లు సరిచూసుకోగలిగాను. మనుషుల పేర్లు కొన్ని మార్చాను.

ఉదయగిరిలో వాన పడిన మర్నాడు

నా మొదటి పోస్టింగు ఉదయగిరి. దుర్గం కొండ కింద ఊరు. చుట్టూ మెట్ట చేలు, లోతు బోర్లు, చాలా దూరం సాగిపోయే లైన్లు. అప్పటికి నాకు లైన్లు తప్ప మరేమీ తెలియదు.

బజారులో అంగళ్ళ మీటర్లు తనిఖీ చేయమని మా పై అధికారి ఏడీఈ గారు చెప్పారు. ఇద్దరు సిబ్బందిని వెంటబెట్టుకుని పొద్దున్నే వెళ్ళాను. టైలరు అంగడి మూసి ఉంది. సైకిల్ షాపు మూసి ఉంది. మంగలి షాపుకు తాళం, హోమియో డాక్టరు గది తలుపుకు గొళ్ళెం. తనిఖీ సంగతి ముందే బయటికి పొక్కిందని నా అనుమానం. బజారు చివర టీ అంగడి ఒక్కటే తెరిచి ఉంది. అక్కడ ఉన్న అవ్వను అడిగాను.

"అవ్వా, ఈరోజు బందా?"

"బందేందయ్యా? రాత్రి వాన పళ్ళా? చేలకు పోయినారు."

"డాక్టరు కూడానా?"

"డాక్టరుకు మాత్రం కడుపు లేదా ఏంది?"

ఆఫీసుకు తిరిగొచ్చి, తనిఖీ తప్పించుకోవడానికి అందరూ అంగళ్ళు మూసేశారని ఏడీఈ గారికి చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు. అప్పుడు చూశాను, ఆయన ప్యాంటు అంచులు మోకాళ్ళ దాకా మడిచి ఉన్నాయి. కాళ్ళకు ఎర్రమట్టి.

"నేను కూడా తెల్లారేసరికి వింజమూరు దగ్గర మా చేలో విత్తనం వేయించి వచ్చానయ్యా. నన్ను కూడా తనిఖీ చేస్తావా? నీకు లైన్లు తెలుసు. ఆ లైన్ల చివర ఏముండాదో తెలీదు. ముందు అది తెలుసుకో."

అప్పటి నుంచి నా డైరీలో ప్రతి పేజీ కింద ఒక వాక్యం అదనంగా చేరింది. ఏ వైపు ఏ పంట ఏ దశలో ఉందన్నది. మరమ్మతుల కోసం సరఫరా ఆపాలంటే ముందు ఆ వాక్యం చూసుకునేవాణ్ణి. మా శిక్షణలో ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నారేమో నాకు తెలియదు.

రెండు పనుల ఊరు

తర్వాత ఆత్మకూరు. పేరుకు మున్సిపాలిటీ. బస్టాండు, కోర్టు, కాలేజీలు, బట్టల అంగళ్ళు అన్నీ ఉన్నాయి. కానీ ఇక్కడ ఎవరినైనా "మీరేం చేస్తారు?" అని అడిగితే వచ్చే జవాబు సగమే. మిగతా సగం పొలంలో ఉంటుంది. జిరాక్స్ అంగడి గోడకు కొడవలి వేలాడుతుంది. హైస్కూలు మాస్టారి స్కూటరు ముందు భాగంలో విత్తనాల మూట ఉంటుంది. పళ్ళ డాక్టరు దగ్గర రోగులు "కోతలయినాక పీకించుకుంటాలే సార్" అని వాయిదా వేసుకోవడం నేనే విన్నాను. సోమశిల జలాశయం నుంచి కాలువలకు నీళ్ళు వదులుతారని తెలిసిన రోజున టీ అంగళ్ళ దగ్గర రాజకీయం కూడా ఆగిపోతుంది.

దీనివల్ల ఇబ్బందులు లేవని చెప్పను. ఇక్కడ ఉద్యోగికి ఇల్లు, ఆఫీసు వేరు కావు. ఒకసారి ఒక పెళ్ళిలో భోజనానికి కూర్చున్నాను. పప్పు వడ్డిస్తున్నాయన గరిటె పైకెత్తి పట్టుకుని, "సార్, మా మోటరుకు లో వోల్టేజీ" అన్నాడు. "రేపు చూస్తాను, ముందు పప్పు వేయవయ్యా" అన్నాను. పక్కన కూర్చున్నాయన, "రేపు చూసినాకనే వెయ్యి రా" అన్నాడు. పంక్తి మొత్తం నవ్వింది. మా ఆవిడ ఆ తర్వాత చాలా పెళ్ళిళ్ళకు ఒంటరిగానే వెళ్ళింది.

ఇంకో ఇబ్బంది, చెప్పకుండా లైను లాక్కోవడం. ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎన్ని మోటర్లు ఉండాలో లెక్క ఉంటుంది. ఒకాయన తమ్ముడి కోసం ఒకటి, ఇంకొకాయన బావమరిది కోసం ఒకటి తగిలిస్తారు. ఫ్యూజు తీగ పోయిందంటే ఇంట్లో దొరికిన మందపాటి తీగ వేస్తారు. ఫ్యూజు కాలాల్సిన చోట ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. కాలాక అందరూ అమాయకులే. ఈ విషయంలో రైతులను నేను ఎప్పుడూ వెనకేసుకు రాలేదు. ముఖం మీదే తిట్టేవాణ్ణి. వాళ్ళూ నన్ను తిట్టేవాళ్ళు. మర్నాడు మళ్ళీ మాట్లాడుకునేవాళ్ళం.

మా వైపు తప్పు కూడా రాయాలి. కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను తీసుకెళ్ళి మంచిది తెచ్చి బిగించడం శాఖ పని. ఆచరణలో చాలాచోట్ల రైతు ట్రాక్టరే తిరుగుతుంది. కొత్తగా చేరినవాళ్ళు దీన్ని మామూలే అనుకోవద్దు. అది మామూలు కాకూడదు.

ఒక్కటే ఉంది

ఇప్పుడు అసలు సంగతి. నేను దిగిపోవడానికి రెండు వేసవుల ముందు జరిగింది.

మా జిల్లాలో మండే ఎండల్లో కూడా వరి ఉంటుంది. ఎడగారు అంటాం. కాలువ నీళ్ళు అందని చోట బోరు మోటర్ల మీదే ఆ పంట నడుస్తుంది. ఆ జూన్ నెలలో అనంతసాగరం వైపు ఒక పల్లె పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్ కాలింది. ఎనిమిది మోటర్లు ఆగిపోయాయి. మా మరమ్మతుల షెడ్డులో సిద్ధంగా ఉన్నది ఒక్కటీ లేదు. మరమ్మతయి వచ్చే మొదటిది మీదేనని ఆ రైతులకు చెప్పాను.

వాళ్ళలో పెంచలయ్య అనే కౌలు రైతు రోజూ ఆఫీసుకు వచ్చేవాడు. నలభై ఏళ్ళుంటాయి. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. మూడెకరాలు కౌలుకు చేస్తున్నాడు. మిగతా ఏడుగురికీ ఎంతో కొంత వేరే ఆదరువు ఉంది. ఇతనికి ఆ పంట ఒక్కటే.

"పొట్ట మీదుండాది సార్. కంకి బయటికొచ్చే టైము. ఇప్పుడు తడి లేకుంటే తాలు తప్ప గింజుండదు," అని చెప్పి, సమాధానం కోసం కూడా ఆగకుండా బయట అరుగు మీద కూర్చునేవాడు.

మూడో రోజు షెడ్డులో ఒక ట్రాన్స్‌ఫార్మర్ సిద్ధమైంది. అదే రోజు తెల్లవారుజామున ఆత్మకూరులో రాళ్ళమిట్ట వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలింది. డివిజను పై అధికారి డీఈ గారు ఫోన్ చేసి, ఉన్నది పట్నంలో పెట్టండి, పల్లెకు రేపు నెల్లూరు నుంచి వచ్చేది పంపండి అన్నారు. మా నిబంధన కూడా అదే. పట్నంలో తొందరగా ఇవ్వాలి, పల్లెకు గడువు కొంచెం ఎక్కువ. అది తెలివితక్కువ నిబంధన కాదు. ఒక వీధిలో ఎనభై ఇళ్ళు ఉంటాయి. రోగులుంటారు, నీళ్ళ ట్యాంకులుంటాయి. అయితే ఆ నిబంధన రాసినవాళ్ళు ఎడగారు గురించి ఆలోచించి ఉండరు.

ఆయన చెప్పినట్టే చేశాను. ట్రాక్టరు ట్రాలీలో ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కించి వీధికి పంపి, వెనకాలే వెళ్ళాను. లైన్‌మాన్ సుబ్బరాయుడు కప్పీకి గొలుసు తగిలిస్తున్నాడు. కరెంటు లేని ఇళ్ళలోంచి జనం బయటికి వచ్చి చోద్యం చూస్తున్నారు. పెంచలయ్య షెడ్డు దగ్గర్నుంచే ట్రాక్టరు వెంట బైకు మీద వచ్చినట్టున్నాడు. ట్రాలీ పక్కన నిలబడి ఉన్నాడు.

"ఇది మాదన్నారు గదా సార్."

"మీదే పెంచలయ్యా. తెల్లారి ఈ వీధిది కాలింది. పట్నానికి ముందు పెట్టాలని రూలు. మీకు రేపు వస్తుంది."

"రూలయితే సరే సార్," అన్నాడు. కాస్త పక్కకు జరిగాడు గానీ వెళ్ళలేదు. పక్కవాడి విస్తట్లో వడ్డిస్తుంటే చూసినట్టు ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ను చూస్తూ నిలబడ్డాడు.

వీధి మొదట్లో దేవమణమ్మ ఇల్లు. ఇడ్లీ, దోసె పిండి రుబ్బి అమ్ముతుంది. యాభై దాటిన మనిషి, ఆదివారం బాప్టిస్టు చర్చిలో పాట మొదలుపెట్టేది ఆమే. గొంతు అంత పెద్దది. గ్రైండరు మధ్యలో ఆగిపోవడంతో మోచేతుల దాకా పిండితో బయటికి వచ్చింది.

"ఎవురబ్బయా నువ్వు? ఈ వీధోడివి కాదే. అట్టా నిలబడుండావేంది?"

పెంచలయ్య సంగతి చెప్పాడు. ఊరి పేరు చెప్పగానే ఆమె దగ్గరికి వచ్చింది.

"ఎవురి పొలం చేస్తా ఉండావు?"

"చెరువు కట్ట కింద రెడ్డోళ్ళదమ్మా. తూము పక్కన."

"కింద మళ్ళో బండరాయి ఉండాదే, అదా?"

"అదేనమ్మా. ఆ రాయి మీదే సద్ది తింటాం."

"నేనూ ఆడే తిన్నాను రా. పెళ్ళి గాక ముందు ఆ మళ్ళన్నీ మేమే నాటినాం, మా అమ్మా నేనూ." వెంటనే నా వైపు తిరిగింది. "సార్, తడి పెట్టి మూడు రోజులాయనంట. ఆ నేల రేగడి నేల. మూడు రోజులంటే నెర్రెలిస్తాది. ఇది ఆడికే తోలండి. మాది రేపు తెచ్చుకుందాం."

"నువ్వొక్కదానివి చెబితే అయ్యేది కాదమ్మా. ఎనభై ఇళ్ళున్నాయి."

"అడగండి మరి. అందరూ ఈడనే ఉండారు గదా."

అడిగాను. అడగవలసి వస్తుందని ఉద్యోగంలో ఎప్పుడూ అనుకోలేదు. కోర్టు గుమాస్తా ఒకాయన, "మాకూ బోరు మీద ఎకరన్నర ఉండాది. రేపు మాది కాలితే?" అన్నాడు. బట్టల అంగడాయన, "ఒక్క రాత్రే గదా, మిద్దె మీద పడుకుంటాం" అన్నాడు. తలలు ఊగాయి. కొందరు మెదలకుండా లోపలికి వెళ్ళిపోయారు. దాన్ని కూడా ఒప్పుకోలు కింద జమ కట్టకూడదని నాకు తెలుసు.

అప్పుడు కిరణ్ ముందుకు వచ్చాడు. కాకినాడ వైపు అబ్బాయి. భార్యది ఆత్మకూరు. బెంగుళూరు కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తూ, భార్య పురిటికని వచ్చి ఆ వీధిలో ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. బిడ్డ పుట్టి నెల కూడా కాలేదు.

"సార్, మీరు ఓటింగ్ పెడుతున్నారేంటి? ఇంట్లో బాలింత ఉంది, పసిబిడ్డ ఉంది. బయట ఎండ చూడండి. మేం నెలనెలా బిల్లు కడుతున్నాం. ఆయనకు ఉచిత కరెంటు. ముందు ఎవరికివ్వాలో ఇంకా ఆలోచించాలా?"

అందరికంటే ముందు పెంచలయ్యే మాట్లాడాడు.

"ఆయన చెప్పేది నిజమే గదమ్మా. నేను బిల్లు కట్టేదేం లేదు," అంటూ బైకు స్టాండు తీశాడు.

"ఏయ్, ఆగబ్బయా! నిన్నెవురు పొమ్మన్నారు?" అని దేవమణమ్మ అతని బైకు హ్యాండిలు పట్టుకుంది. హ్యాండిలుకంతా పిండి అంటుకుంది. "నాయనా కిరణూ, రోజూ నా దగ్గర పిండి కొంటావే. ఆ బియ్యం ఏ మోటరు కింద పండినాయో నీ బిల్లులో రాసుండాదా?"

"దానికి డబ్బులిస్తున్నాను గదా ఆంటీ."

"ఇస్తా ఉండావు. కాదన్నానా? నీ బిడ్డకు గాలి గావాల. ఈయన మడికి నీళ్ళు గావాల. రెండూ గావాల్సినవే. సార్, మీరు చదువుకున్నోళ్ళు గదా, రెండూ అయ్యేటట్టు చూడండి. ఊరికే మా మొహాలు చూస్తారేంది?"

ఆ మాటకు సుబ్బరాయుడు పక్కకు తిరిగి నవ్వడం చూశాను.

జంపర్లు

కిరణ్ చెప్పింది సరైన మాట. అతని ఇంట్లో ఫ్యాను తిరగకపోతే ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ను కదిలించే హక్కు నాకు లేదు, వీధి మొత్తం ఒప్పుకున్నా సరే. ఇది కొత్తవాళ్ళు బాగా గుర్తుపెట్టుకోవాలి. పదిమంది మంచితనం పదకొండోవాడి మీద భారంగా పడకూడదు.

వీధి చివరి స్తంభానికి దగ్గరగా వెనక వీధి లైను వెళ్తుంది. ఈ వీధి లైనును మధ్యలో ఒకచోట జంపర్లు, అంటే తీగకూ తీగకూ కలిపే ముక్కలు, విప్పి విడదీసి, చివరి ముక్కను వెనక వీధి లైనుకు కలిపితే, చివరి పన్నెండిళ్ళు వెనక వీధి ట్రాన్స్‌ఫార్మర్ మీద నడుస్తాయి. కిరణ్ ఇల్లు ఆ పన్నెండిళ్ళలో ఉంది. మొత్తం వీధిని అలా కలపలేం, ఆ ట్రాన్స్‌ఫార్మర్ మోయలేదు. పన్నెండిళ్ళయినా, వెనక వీధివాళ్ళు ఏసీలు, నీళ్ళ మోటర్లు ఆపితేనే మోస్తుంది. లేకపోతే అదీ కాలుతుంది. అప్పుడు మొత్తం మూడు.

సుబ్బరాయుడూ నేనూ ఇంటింటికీ తిరిగి మంచం పట్టినవాళ్ళు ఎవరున్నారో అడిగాం. మధ్య ఇళ్ళలో ఉబ్బసం ఉన్న పెద్దాయన ఒకరున్నారు. మందు పీల్చుకునే మిషనుకు కరెంటు కావాలి. చివరి వరసలో ఉన్న వియ్యంకుల ఇంటికి ఆయన్ని నడిపించుకు వెళ్ళారు. "అల్లుడి మర్యాదలు నాకు చేస్తారంట, ఒక రోజు ఎక్కువే పట్టనీలే సార్," అన్నాడాయన దగ్గుతూనే.

ఇక వెనక వీధి. అక్కడ ఏసీలున్న ఇళ్ళు నాలుగైదు. పెద్ద ఏసీ గోపాలయ్యది, ఎరువుల అంగడి యజమాని. నేను వివరించడం మొదలుపెట్టేలోపే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆ వీధిది కాలితే నా ఏసీ ఆపేదేంది? నేను కొత్తగా పెట్టించుకున్నా."

నా వెనక దేవమణమ్మ ఉన్న సంగతి నేను గమనించలేదు.

"ఎవురన్నా కాదన్నారా? ఏసీ ఏసుకోనే కూర్చోన్నా. ఆ ఎనిమిది మోటర్ల కింద పంట ఎండినాక యూరియా ఎవురికి అమ్ముతావో చూస్తాం."

గోపాలయ్య అడ్డం పెట్టిన చెయ్యి దించాడు.

"నీ నోరుండాదే దేవమణీ..." అని లోపలికి వెళ్ళి ఏసీ స్విచ్చి ఆపి వచ్చాడు. "రేపు సాయంత్రానికి నాది నాకు కావాల. అంతే."

ఈ ఊళ్ళో ఏముందని అడిగిన కుర్రవాడికి చెప్పవలసింది ఇదే. గోపాలయ్య దయ తలచలేదు. అతని అంగడికీ పెంచలయ్య మడికీ మధ్య ఉన్న దారి అతనికి కళ్ళ ముందు కనబడుతుంది. పెద్ద పట్నంలో ఆ దారి ఉండదని కాదు. ఎవరికీ కనబడనంత పొడుగ్గా ఉంటుంది.

డీఈ గారికి ఫోన్ చేసి చెప్పాను.

"రేపు నెల్లూరు నుంచి వచ్చేది వీధికి పెడతారా?"

"పెడతాను సార్."

"ఆ వీధి నుంచి ఒక్క ఫిర్యాదు వచ్చినా సమాధానం మీరే చెప్పాలి."

"చెబుతాను సార్."

జంపర్లు మార్చి, కిరణ్ ఇంట్లో ఫ్యాను తిరగడం నా కళ్ళతో చూశాకే కప్పీ గొలుసు విప్పమన్నాను. పెంచలయ్య ట్రాలీ ఎక్కి ట్రాన్స్‌ఫార్మర్ పక్కన కూర్చుని, దాని మీద చెయ్యి వేసి పట్టుకున్నాడు. అది ఎక్కడికీ పారిపోదని సుబ్బరాయుడు ఎగతాళి చేసినా చెయ్యి తీయలేదు.

మధ్యాహ్నానికి పొలాల్లో బిగించాం. చెప్పకుండా తగిలించిన మోటరు ఒకటి బయటపడింది. తీయించాను. మోటరు వేయగానే పైపులోంచి నీళ్ళు దూకాయి. నెర్రెల్లోకి నీళ్ళు దిగుతుంటే చిటపటమని శబ్దం వస్తుంది, బుడగలు లేస్తాయి. పెంచలయ్య ఏదైనా అంటాడేమోనని చూశాను. "ముందు పై మళ్ళకు తిప్పాల," అని పార భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఫిర్యాదు

మర్నాడు నెల్లూరు నుంచి ట్రాన్స్‌ఫార్మర్ రాలేదు. లారీ వేరే పని మీద వెళ్ళిందన్నారు. సాయంత్రం గోపాలయ్య తన ఏసీ వేసుకుంటానని కబురు పెట్టాడు. ఇంకో రోజు ఆగమని నేనే వెళ్ళి బతిమాలాను. రాళ్ళమిట్ట వీధిలో మొదటి రోజు ఉన్న ఉత్సాహం రెండో రోజు లేదు. దేవమణమ్మ నానబెట్టిన బియ్యం, పప్పు బిందెలకెత్తి ఆటోలో బస్టాండు దగ్గర ఎవరి మిల్లుకో తీసుకెళ్ళి రుబ్బించుకుంది. నన్ను చూసి, "సార్, నా మాట విని మీరు గూడా ఇరుక్కున్నారే," అంది.

ఆ మరుసటి రోజు పొద్దున్నే కిరణ్ ఆఫీసుకు వచ్చాడు.

"రేపన్నారు సార్. మా ఇంట్లో ఫ్యాను మాత్రమే ఆడుతోంది. వోల్టేజీ చాలక నా పని సాగడం లేదు. నేను కంప్లైంట్ పెడుతున్నాను."

"పెట్టు బాబూ," అని నంబరు నేనే రాసిచ్చాను.

అతను పెట్టాడు. డీఈ గారు నన్ను పిలిపించి అనవలసినవన్నీ అన్నారు. చెబుతానన్న సమాధానం చెప్పాను. చివర్లో ఆయన, "ఆ పొలం బతికిందా?" అని అడిగారు. బతికిందన్నాను. "వెళ్ళండి," అన్నారు. ఆ మధ్యాహ్నమే లారీ వచ్చింది.

ఫిర్యాదు చేసినవాణ్ణి శత్రువుగా చూసే అలవాటు మా శాఖలో కొందరికి ఉంది. నిజానికి ఆ లారీ అతని ఫిర్యాదు వల్లే కదిలిందని నా అంచనా. దేవమణమ్మ మంచితనం ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ను పొలానికి పంపగలిగింది. నెల్లూరు నుంచి ఇంకొకటి రప్పించడానికి కిరణ్ కోపం కావలసి వచ్చింది. ఉద్యోగం సరిగ్గా నడవాలంటే ఊళ్ళో ఇద్దరూ ఉండాలి.

కుచ్చు

ఎడగారు కోతలయ్యాక ఒక ఉదయం సుబ్బరాయుడు ఫోన్ చేశాడు.

"సార్, రాళ్ళమిట్ట ట్రాన్స్‌ఫారం కంచెకు ఎవురో వడ్ల కుచ్చు కట్టిపోయినారు. ఏం జెయ్యమంటారు?"

వెళ్ళి చూశాను. కంకులను జడలా అల్లిన కుచ్చు. పిచ్చుకల కోసం ఇళ్ళ వసారాల్లో వేలాడదీస్తారు. ట్రాన్స్‌ఫార్మర్ కంచెకు ఏమీ కట్టకూడదు. పిచ్చుకలు వస్తాయి, పిచ్చుకల కోసం పిల్లులు వస్తాయి, తీగలు కలుస్తాయి. తీసేయమన్నాను. అప్పటికే పెంచలయ్య దేవమణమ్మ అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"ఆడ కట్టకూడదా సార్? ఈ వీధోళ్ళిచ్చిన పంటే గదా అని..."

"కూడదయ్యా. పంట ఎలా వచ్చింది?"

"పై మళ్ళు రెండు తాలు పోయినాయి. మిగతాదంతా నిలబడింది సార్. వచ్చే ఏడు గూడా అదే పొలం చేస్తా ఉండా."

అది మాకిద్దరికీ చాలు. కుచ్చు సుబ్బరాయుడి చేతిలోనే ఉంది. దేవమణమ్మ దాన్ని అందుకుని తన ఇంటికి కట్టుకుంటుందనుకున్నాను. ఆమె పెంచలయ్యనూ మమ్మల్నీ వెంటబెట్టుకుని వీధి చివరికి నడిచి కిరణ్ ఇంటి వసారాలో దూలానికి కట్టింది. అతను బిడ్డను భుజాన వేసుకుని బయటికి వచ్చాడు.

"ఇదేంటి ఆంటీ?"

"పిచ్చుకలకు. నీ బిడ్డ చూసి ఆడుకుంటాడు."

"నాకెందుకు? నేను కంప్లైంట్ పెట్టినోణ్ణి."

"పెడితే? పిచ్చుకలకేం తెలుసు అది?"

కిరణ్ పెంచలయ్య వైపు చూశాడు. "టీ తాగుతారా?" అన్నాడు. "తాగినాను సార్, ఇంకోటి తాగుతా," అన్నాడు పెంచలయ్య.

అప్పటికి నెల్లూరులో నాకు స్థలం ఉంది. దిగిపోయాక అక్కడే ఇల్లు కట్టాలని అనుకున్నాం. మా ఆవిడను ఒప్పించడానికి ఒక సంవత్సరం పట్టింది. పెళ్ళిళ్ళలో పప్పు గరిటెలు గుర్తుచేసి ఆమె గట్టిగానే వాదించింది. చివరికి ఆ స్థలం అమ్మి రాళ్ళమిట్ట వీధిలో ఇల్లు కట్టుకున్నాం. కిరణ్ కూడా వెళ్ళలేదు. కారణం నేను అడగలేదు. బిడ్డ ఇప్పుడు బడికి వెళ్తున్నాడు.

పోయిన నెలలో మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ మళ్ళీ కాలింది. పొద్దున్నే ఆ కొత్త ఏఈ కుర్రవాడు ట్రాక్టరుతో వచ్చాడు. ట్రాలీలో ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. జనం బయటికి వచ్చారు. నేను మా గేటు దగ్గరే నిలబడ్డాను. దిగిపోయినవాడు లైను పనిలో వేలు పెట్టకూడదు.

సుబ్బరాయుడి స్థానంలో వచ్చిన లైన్‌మాన్ గొలుసు తగిలించబోతుంటే కిరణ్ దగ్గరికి వెళ్ళాడు.

"ఒక్క నిమిషం బ్రదర్. పొలాల వైపు ఎక్కడన్నా కాలి ఉందా?"

ఏఈ కుర్రవాడికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. నా వైపు చూశాడు. ఫోన్ చేసి కనుక్కోమని సైగ చేశాను. ఎక్కడా కాలి లేదు. మధ్యాహ్నానికి మాది బిగించారు.